వయసు మళ్లిన స్కోరరు: మళ్లీ సంతకమా, బేరమా?

మీరు అడిగినదాన్ని కుదించి చెబితే ఇది. మీది చిత్తూరు. అక్కా బావా క్యాల్గరీలో ఉంటారు, వాళ్ల వల్ల మీకు ఐస్ హాకీ పిచ్చి పట్టుకుంది. ఒక ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్) జట్టులో 35 నిండిన స్కోరరు ఉన్నాడనుకుందాం. ఒప్పందం ఈ సీజన్‌తో ముగుస్తుంది. జనవరి నాటికే 20 గోల్స్ కొట్టాడు. జట్టు ప్లేఆఫ్ (సీజన్ చివర మేటి జట్లు కప్పు కోసం ఆడే దశ) గడప మీద అటూ ఇటూ ఊగుతోంది. అతనితో మళ్లీ సంతకం చేయించాలని మీ బావ వాదన. ఆటగాళ్ల మార్పిడికి మార్చిలో ఉండే గడువులోగా ఎవరికైనా ఇచ్చేసి డ్రాఫ్ట్ పిక్‌లు (కొత్త కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే హక్కులు) తెచ్చుకోవాలని మీ వాదన. పేరు చెబితే అభిమానం అడ్డొస్తుందని ఆటగాడి పేరు చెప్పలేదన్నారు. మంచి పని చేశారు.

నేను ఆటగాణ్ణి కాను. స్కేట్లు కట్టుకుని పది అడుగులు తిన్నగా వేసిన రోజు నా జీవితంలో లేదు. క్యాల్గరీలో పదహారేళ్లు లెక్కల ఉద్యోగం చేశాను. నన్ను ఈ ఆటలోకి లాగింది శాలరీ క్యాప్. ఏ జట్టయినా జీతాలకు ఇంతకు మించి ఖర్చు పెట్టకూడదని గీత గీసి, ఆ గీత లోపలే కుస్తీ పట్టమంటే అకౌంటెంటుకు అంతకన్నా వినోదం ఏముంటుంది? ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాను. అక్కడ రాత్రి ఏడు గంటల ఆట ఇక్కడ చలికాలంలో పొద్దున ఏడున్నరకు మొదలవుతుంది. మా ఆవిడ ఇడ్లీ పాత్ర దించే వేళకు మొదటి పీరియడ్ సగం అయిపోయి ఉంటుంది. హాకీ అంటే మా వీధిలో అందరికీ గడ్డి మీద ఆడేదే. మంచు మీద అంటే నా ముఖం చూసి నవ్వుకుంటారు.

సూటిగా చెబుతాను. మీ ఇద్దరిలో ఎవరిది ఒప్పు అన్నది తర్వాత. మీరు ప్రశ్న వేసిన నెలే తప్పు. ఒప్పందం ముగియడానికి ఇంకా ఒక సీజన్ నిండుగా ఉండగానే, అంటే అంతకుముందు వేసవిలోనే ఈ మాట తేల్చుకోవాలి. అప్పుడు మేనేజరు చేతిలో ఉన్న దారులు జనవరికి సగమవుతాయి. మార్చి మొదటి వారానికి నిర్ణయం అతని చేతిలో ఉండదు. కొనేవాడి చేతిలోనో, ఆటగాడి ఏజెంటు చేతిలోనో ఉంటుంది.

ఇందుకు మీ బావ ఉన్న ఊరి జట్టు కన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. క్యాల్గరీ ఫ్లేమ్స్ ఇదే పరీక్ష రెండుసార్లు రాసింది. మొదటిసారి 1995 డిసెంబరులో. జో న్యూవెండైక్ అప్పటికి 29 ఏళ్లవాడు. ఆడిన మొదటి పూర్తి సీజన్‌లోనే 51 గోల్స్ కొట్టిన మనిషి. జీతం దగ్గర తేడా వచ్చి, సీజన్ మొదలైనా మంచు మీదికి దిగకుండా కూర్చున్నాడు. క్యాల్గరీ అతన్ని డాలస్ స్టార్స్‌కు ఇచ్చి, కోరీ మిల్లెన్ అనే ఆటగాడితో పాటు పద్దెనిమిదేళ్ల కుర్రవాణ్ణి ఒకణ్ణి తెచ్చుకుంది. డాలస్ అదే ఏడాది డ్రాఫ్ట్‌లో 11వ పిక్‌తో తీసుకున్న ఆ కుర్రవాడి పేరు జెరోమ్ ఇగిన్లా. న్యూవెండైక్ 1999లో డాలస్‌కు లీగ్ ట్రోఫీ అయిన స్టాన్లీ కప్పు గెలిపించి, ప్లేఆఫ్‌లో 11 గోల్స్‌తో ఉత్తమ ఆటగాడయ్యాడు. ఇగిన్లా క్యాల్గరీకి 1,219 ఆటలాడి 525 గోల్స్ ఇచ్చాడు. ఇచ్చినవారూ పుచ్చుకున్నవారూ ఇద్దరూ బాగుపడ్డ బేరాలు ఈ లీగ్‌లో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

రెండో పరీక్షలో అదే ఇగిన్లా. 2003 నుంచి కెప్టెన్. 2004లో జట్టును కప్పు ఫైనల్ ఏడో ఆట దాకా తీసుకెళ్లి ట్యాంపా బే చేతిలో ఓడాడు. 2009 తర్వాత అతను ఉన్నన్నాళ్లూ జట్టు ప్లేఆఫ్ ముఖం చూడలేదు. అయినా 2010-11లో అతనొక్కడే 43 గోల్స్ కొట్టాడు. వయసు 33, ఒప్పందం ఇంకా రెండేళ్లు మిగిలి ఉంది. నా లెక్కలో అమ్మవలసిన వేసవి అదే. ఆ మాట ఆఫీసులో అంటే నా పక్క సీటు ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. జట్టు యాజమాన్యం కూడా అలాగే అనుకుని ఉంటుంది. ఇంకో ఏడాది చూద్దామన్నారు. ఆ ఏడాది 32 గోల్స్ వచ్చాయి, ప్లేఆఫ్ రాలేదు. ఇంకో ఏడాది చూద్దామన్నారు.

2013 మార్చి 27 రాత్రి కొలరాడోతో ఆట. నేను క్యాల్గరీ జట్టు స్టేడియం శాడిల్‌డోమ్‌లో ఉన్నాను, చౌక టికెట్టు, పైకప్పుకు దగ్గర వరస. ఆటకు ముందు కసరత్తు చేయడానికి జట్టు బయటికి వచ్చినప్పుడు నా ముందు వరసలో ఒక ముసలామె వేలితో లెక్కపెట్టింది. పన్నెండో నంబరు, అంటే ఇగిన్లా, లేడు. దెబ్బ తగలకుండా ఉండేందుకు అతన్ని పక్కన పెట్టారని, అంటే బేరం దగ్గరపడిందని అందరికీ తెలిసిపోయింది. ఆ రాత్రి ఎవరూ ఆట చూడలేదు. వేలమంది తల వంచుకుని ఫోన్లు చూసుకుంటున్నారు. గోల్ పడితే తల ఎత్తి, మళ్లీ వంచుతున్నారు. ఇగిన్లా బోస్టన్‌కు వెళ్లిపోయాడని ఒక టీవీ చానల్ చెప్పేసింది కూడా. తీరా ఆ రాత్రే తేలినది వేరు: పిట్స్‌బర్గ్.

ఎందుకలా మారింది? అతని ఒప్పందంలో నో-మూవ్ క్లాజు ఉంది. అనుమతి లేకుండా ఎక్కడికీ పంపడానికి వీల్లేదు. తనకు ఇష్టమైన కొన్ని జట్ల పేర్లే ఇచ్చాడు, చివరికి వాటిలో ఒకటి తనే ఎంచుకున్నాడు. బోస్టన్ ఇస్తానన్నది మెరుగ్గా ఉన్నా క్యాల్గరీకి చేసేదేమీ లేకపోయింది. చేతికి వచ్చింది ఒక మొదటి రౌండ్ పిక్, కాలేజీలో ఆడుతున్న ఇద్దరు కుర్రాళ్లు. ఆ పిక్‌తో 28వ స్థానంలో తీసుకున్న మోర్గన్ క్లిమ్‌చుక్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడినది ఒకే ఒక్క ఆట. 525 గోల్స్ మనిషికి బదులుగా ఒక్క ఆట. ఇక పిట్స్‌బర్గ్ సంగతి: ఆ వసంతంలో తూర్పు విభాగం ఫైనల్లో అదే బోస్టన్ ఎదురై నాలుగుకు నాలుగు ఆటలూ గెలిచింది. నాలుగు ఆటల్లో కలిపి పిట్స్‌బర్గ్ కొట్టిన గోల్స్ రెండు. ఆ వేసవిలో ఇగిన్లా తానుగా వెళ్లి బోస్టన్‌లో చేరాడు.

మన జిల్లావాళ్లకు ఇది అర్థం చేసుకోవడానికి హాకీ అక్కర్లేదు. బంగారుపాళెం వైపు మా మేనమామకు తోతాపురి తోట ఉంది. 2025 జూన్‌లో కాయ విరగకాసింది. ఫ్యాక్టరీ ఎనిమిది, ప్రభుత్వం నాలుగు, కిలోకు మొత్తం పన్నెండు అని ధర చెప్పారు. గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్ల వరస ఎంత దూరం ఉందో చూడాలని నేనూ వెళ్లాను. మావి కాక ముందు వందకు తక్కువ లేవు. ట్రాలీ మీద మామిడి కొమ్మలు కప్పి, ఆయన ట్రాలీ కింద గోనెపట్టా వేసుకుని పడుకున్నాడు. మొదటి రాత్రి ఏమీ కాలేదు. రెండో రాత్రి తెల్లవారుజామున అడుగు వరస కాయలు మెత్తబడి రసం బొట్లు బొట్లుగా ఆయన దుప్పటి మీద పడింది. లేచి ట్రాలీ పలకకు చేయి ఆనించి వాసన చూశాడు. అంతే, ఆ క్షణం నుంచి ధర గురించి మాట్లాడటం మానేశాడు. గేటు దగ్గర మనిషి ఎంత అంటే అంతకే తోసేసి వచ్చాం. చెప్పిన ధర మాకు అందలేదు.

అదే తోటకు గట్టు అవతలి రైతు పిందె దశలోనే వ్యాపారికి గుత్తకు ఇచ్చేశాడు. అప్పట్లో మా మామ అతన్ని ఎగతాళి చేశాడు, కాయ నిలబడితే ఎంత నష్టపోతావో చూసుకోమని. పిందె మీద బేరమాడేటప్పుడు రైతుకు రేపు అనేది ఒకటి ఉంటుంది. గేటు ముందు నిలబడ్డవాడికి అది లేదు. గడువు నాటి మేనేజరుదీ అదే అవస్థ. ఒప్పందం ఏడాదిన్నర మిగిలి ఉన్న స్కోరరును అమ్మితే కొన్న జట్టుకు రెండు వసంతాల ప్లేఆఫ్‌లు దక్కుతాయి, దానికి తగ్గట్టు చెల్లిస్తుంది. మార్చిలో అమ్మితే దక్కేది మూడు నెలల అద్దె సరుకు. ఈ లీగ్‌లో అలాంటివాణ్ణి పిలిచే పేరు కూడా రెంటల్ అనే.

మీరు గెలిచానని అనుకునే ముందు మీ బావ తరఫున ఒక మాట. అమ్మడమో వదిలేయడమో ఎప్పుడూ తెలివైన పని అనుకుంటే శాన్ హోజే వైపు చూడండి. కెప్టెన్ జో పవెల్‌స్కీ 2018-19లో 38 గోల్స్ కొట్టాడు. 35 నిండబోతోంది. జట్టు డబ్బంతా ఎరిక్ కార్ల్‌సన్ అనే డిఫెన్స్ ఆటగాడికి ఎనిమిదేళ్లకు, ఏడాదికి కోటీ 15 లక్షల డాలర్ల చొప్పున రాసిచ్చి పవెల్‌స్కీని పోనిచ్చింది. డాలస్ అతన్ని మూడేళ్లకు, ఏడాదికి 70 లక్షల చొప్పున తీసుకుంది. మరుసటి ఏడే కప్పు ఫైనల్ ఆడింది. 37 ఏళ్ల వయసులో అతను 81 పాయింట్లు (గోల్స్, గోల్స్‌కు అందించిన పాస్‌లు కలిపి) సాధించాడు. శాన్ హోజే ఆ తర్వాత వరుసగా ఆరు సీజన్లు ప్లేఆఫ్ చూడలేదు. పవెల్‌స్కీ ఎప్పుడూ వేగం మీద బతికిన ఆటగాడు కాడు. గోలీ (గోల్‌కీపరు) ముందు నిలబడి, వచ్చే షాట్‌ను కర్రతో తాకించి దారి మళ్లించే విద్య అతనిది. ఆ విద్యకు వయసు అంత త్వరగా రాదు.

అందుకే ఎన్ని గోల్స్ కొట్టాడన్నది ఒక్కటే చూస్తే మోసపోతారు. మీరు చెప్పిన 20 గోల్స్ ఎక్కడి నుంచి వచ్చాయి? పవర్ ప్లేలో ఎన్ని, ఐదుగురికి ఐదుగురు ఉన్నప్పుడు ఎన్ని? పవర్ ప్లేలో ఎదుటి జట్టుకు ఒక మనిషి తక్కువ. స్కోరరు తన చోట నిలబడి పక్కు (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) వచ్చేదాకా ఆగవచ్చు. చేయి ఉంటే చాలు. ఐదుగురికి ఐదుగురన్నప్పుడు కాళ్లు కావాలి. వయసు ముందు కాళ్లనే తింటుంది. గడ్డి హాకీ చూసేవారికి ఇది కొత్త కాదు. 2024 అక్టోబరులో హాకీ ఇండియా లీగ్ వేలంలో మన హైదరాబాద్ తూఫాన్స్ 32 ఏళ్ల గొంజాలో పెయాట్‌కు 68 లక్షల రూపాయలు పెట్టింది. పెనాల్టీ కార్నర్‌లో అతని డ్రాగ్ ఫ్లిక్ కోసం పెట్టిన డబ్బు అది. అయితే పెనాల్టీ కార్నర్ సంపాదించి పెట్టడానికి పరుగెత్తే మిగతావాళ్లు ఉండాలి. మీ జట్టులో వాళ్లు ఉన్నారా?

ఇంకొకటి షాట్లు. గోలీ మీదికి వెళ్లిన వంద షాట్లలో, లీగ్ మొత్తం తీసుకుంటే, పది అటూ ఇటుగా గోల్ అవుతాయి. మంచి స్కోరరుకు పద్నాలుగో పదిహేనో కావచ్చు. మీవాడికి ఈ ఏడు వందకు ఇరవై పడుతున్నాయనుకోండి, అది అదృష్టం. వచ్చే ఏడాదికి ఆ అదృష్టాన్ని ఒప్పందంలో రాసుకోలేరు. షాట్ల సంఖ్య ఏడాదికేడాది తగ్గుతూ గోల్స్ మాత్రం నిలబడి ఉంటే నేనైతే ఆ రోజే ఫోను తీస్తాను. జొనాథన్ మార్చెసో 2023-24లో వేగాస్‌కు 42 గోల్స్ కొట్టాడు, 33 ఏళ్ల వయసులో. అతను అంతకుముందు ఏడాది ప్లేఆఫ్ ఉత్తమ ఆటగాడు, ఊరంతా ప్రేమించే మనిషి. వేగాస్ కరగలేదు. నాష్‌విల్ ఐదేళ్లు ఇచ్చి తీసుకుంది. మరుసటి సీజన్లో 21 గోల్స్. సరిగ్గా సగం.

అదే వేసవిలో, అదే నాష్‌విల్‌కు స్టీవెన్ స్టామ్‌కోస్ కూడా వెళ్లాడు. మీ ప్రశ్నకు అతని కథ మరీ దగ్గర, ఎందుకంటే ట్యాంపా బే మళ్లీ సంతకం చేయించనూ లేదు, అమ్మనూ లేదు. స్టామ్‌కోస్ అక్కడ పదహారు సీజన్లు ఆడాడు. 555 గోల్స్, రెండు కప్పులు, కెప్టెన్. 2023 సెప్టెంబరులో, ఒప్పందం చివరి ఏడాది మొదలవుతుండగా, తనతో యాజమాన్యం ఇంకా మాట్లాడలేదని బాధపడుతూ పత్రికల ముందే అన్నాడు. ఆ ఏడాది 40 గోల్స్ కొట్టాడు, అందులో సగానికి దగ్గరగా పవర్ ప్లేలోవే. జట్టు ప్లేఆఫ్‌కు వెళ్లేదే కాబట్టి మార్చిలో అతన్ని కదపలేదు. జులై ఒకటిన నాష్‌విల్ నాలుగేళ్లకు, ఏడాదికి 80 లక్షల డాలర్లు ఇచ్చింది, పోనిచ్చారు. ఒట్టి చేతులతో మిగిలారనుకోకండి. ఒక రోజు ముందే మూడో రౌండ్ పిక్ ఇచ్చి జేక్ గెంజెల్‌తో మాట్లాడే హక్కు కొనుక్కుని, అతనికి ఏడేళ్లకు 6.3 కోట్ల డాలర్లు రాసిచ్చారు. గెంజెల్ అప్పటికి 29 ఏళ్లవాడు. 2024-25లో గెంజెల్‌వి 41 గోల్స్, స్టామ్‌కోస్‌వి 27. నాష్‌విల్ అంతకుముందు ఏడాది లీగ్ పట్టికలో 99 పాయింట్లు సాధించిన జట్టు, ఆ ఏడాది 68తో కింది నుంచి మూడో స్థానానికి జారింది. ట్యాంపా మాత్రం ఏం గెలిచిందని మీ బావ అడగవచ్చు. నిజమే, రెండేళ్లూ మొదటి రౌండ్‌లోనే ఫ్లోరిడా చేతిలో ఓడింది. కానీ 2031 దాకా నడిచే బండి చేతికి వచ్చింది.

ఫ్లోరిడా అన్నాను కాబట్టి బ్రాడ్ మార్చండ్ గురించి చెప్పకపోతే మీరే అడుగుతారు. బోస్టన్ కెప్టెన్, 36 ఏళ్లు, పదహారు సీజన్లు ఒకే జట్టు, ఒప్పందం చివరి నెలలు. కొత్త ఒప్పందం దగ్గర మాట కుదరలేదు. 2025 మార్చి 7న, గడువు నాడే, దెబ్బ తగిలి ఆడలేని స్థితిలో ఉండగా అతన్ని ఫ్లోరిడాకు ఇచ్చారు. బోస్టన్‌కు వచ్చింది షరతు మీద ఒక రెండో రౌండ్ పిక్. ఫ్లోరిడా ప్లేఆఫ్‌లో ముందుకు వెళ్లి అతను తగినన్ని ఆటలు ఆడితే అది మొదటి రౌండ్ పిక్‌గా మారాలని రాసుకున్నారు. మారింది. మార్చండ్ ఆ ప్లేఆఫ్‌లో 10 గోల్స్ కొట్టాడు, అందులో ఆరు ఎడ్మంటన్‌తో జరిగిన ఫైనల్లోనే. కప్పు గెలిచాక ఫ్లోరిడా అతనికి ఆరేళ్లు, ఏడాదికి 52.5 లక్షల డాలర్లు ఇచ్చింది. 37 ఏళ్లవాడికి ఆరేళ్లు! ఆ కాగితం నా బల్ల మీదికి వస్తే సంతకం పెట్టను. బోస్టన్ చేసిన పనిలో నాకు నచ్చింది ఒక్కటే, ఆ షరతు. తమ మనిషి ఎంత విలువైనవాడో ఎదుటివాళ్ల ఫలితమే నిరూపించేలా రాయించుకున్నారు. ఆలస్యం చేసినవాడికి మిగిలే తెలివి అదే.

ఇక సంతకం వైపు. 35 దాటినవాడితో రాసుకునే ఒప్పందానికి లీగ్‌లో ప్రత్యేక నియమం ఉంది. ఒక ఏడాదికి మించి రాసుకుంటే, అతను మధ్యలో ఆట మానేసినా, జీతం రాసుకున్న తీరును బట్టి ఆ మొత్తం జట్టు క్యాప్ మీద అలాగే కూర్చోవచ్చు. మనిషి ఇంట్లో ఉంటాడు, లెక్క పుస్తకంలో మాత్రం ఆడుతూనే ఉంటాడు. ఒకే ఏడాదికి రాసుకుంటే మాత్రం ఒక సౌలభ్యం ఉంది. అసలు జీతం తక్కువ పెట్టి, ఇన్ని ఆటలు ఆడితే ఇంత అని బోనస్‌లు రాసుకోవచ్చు. ఆ బోనస్ క్యాప్ దాటితే తేడా మరుసటి ఏడాది మీద పడుతుంది. బోస్టన్ 2013లో ఇగిన్లాతో చేసినది అదే. మొత్తం 60 లక్షల డాలర్లు, అందులో అసలు జీతం 18 లక్షలు, మిగతాదంతా బోనస్. అతను 30 గోల్స్ కొట్టాడు, బోనస్‌లో ఎక్కువ భాగం సంపాదించాడు. వేసవి వచ్చేసరికి 40 లక్షల డాలర్లకు పైగా భారం మరుసటి ఏడాది పద్దులోకి దొర్లింది. ఇగిన్లాను ఉంచుకోలేకపోయారు. అక్టోబరులో మంచి డిఫెన్స్ ఆటగాడు జానీ బాయ్‌చుక్‌ను కూడా అమ్ముకున్నారు. క్రెడిట్ కార్డు మీద పెళ్లి చేసినట్టు. పెళ్లి మాత్రం బాగానే జరిగింది, అది ఒప్పుకోవాలి.

క్యాప్ పెరుగుతోందిగా, భయమెందుకు అంటారా? పెరుగుతోంది. 2024-25లో 8.8 కోట్ల డాలర్లు ఉన్నది 2025-26లో 9.55 కోట్లు అయింది. 2026-27కు 10.4 కోట్లు, ఆ తర్వాతి ఏడాదికి 11.35 కోట్లు అని లీగ్ ముందే ప్రకటించింది. 8.8 కోట్లలో 60 లక్షల జీతం దాదాపు 6.8 శాతం. 11.35 కోట్లలో అది 5.3 శాతం. కాబట్టి రెండేళ్ల ఒప్పందం ఇదివరకటంత ప్రమాదం కాదు. అయితే ఏజెంట్లకూ భాగహారం వచ్చు. అంకె పెరిగేదాకా ఊరుకోరు.

మీ బావ వాదన వెనక ఉన్నది అభిమానం అని మీరు కొట్టిపారేశారు. అలా తీసేయకండి. అలెక్స్ ఒవెచ్‌కిన్‌కు 35 ఏళ్ల వయసులో, 2021లో, వాషింగ్టన్ ఐదేళ్లకు 4.75 కోట్ల డాలర్లు రాసిచ్చింది. నాలాంటివాళ్లు పెదవి విరిచారు. 2024-25లో కాలి ఎముక విరిగి కూడా 65 ఆటల్లో 44 గోల్స్ కొట్టాడు. 2025 ఏప్రిల్ 6న 895వ గోల్‌తో వేన్ గ్రెట్జ్‌కీ రికార్డు దాటాడు. ఆ గోల్ నేను ఇంట్లో రాత్రి చూశాను, గ్లాసు కింద పడేసి తిట్లు తిన్నాను. అలాంటివాడు ఉంటే లెక్క పుస్తకం మూసేయండి. మీవాడు ఒవెచ్‌కిన్ అయి ఉంటే పేరు దాచేవారు కాదు.

ఇప్పుడు మీ జట్టు. 20 గోల్స్, 35 ఏళ్లు, గడప మీద ఊగుతున్న జట్టు. నేనైతే ఈ వారమే ఏజెంటుకు ఫోను చేసి ఒకే ఏడాదికి, సగం అసలు సగం బోనస్ అని ఒక కాగితం ముందు పెడతాను. జనవరి నెలాఖరు దాకా సమయం ఇస్తాను. ఒప్పుకుంటే సంతకం చేయించి నిశ్చింతగా ఉంటాను. మూడేళ్లు అడిగితే ఫిబ్రవరి మధ్యలోగా అమ్మేస్తాను. చివరి రోజు దాకా ఆగను. ఆ రోజు ఎవరి గేటు ముందు చూసినా నాలాంటి ట్రాక్టర్లే ఉంటాయి. మిగిలిన జీతంలో సగం వరకు మన జట్టే భరించేలా నిబంధనలు ఒప్పుకుంటాయి. అలా భరిస్తే కొనగల జట్లు ఎక్కువవుతాయి, పిక్ మెరుగవుతుంది. మార్చండ్ తరహా షరతు తప్పక రాయించుకుంటాను. నో-మూవ్ క్లాజు ఉండి, ఒకే జట్టు పేరు చెప్పి కూర్చుంటే, ఆ జట్టు మూడో రౌండ్ పిక్ విసిరితే మాత్రం ఇవ్వను. ఆ ధరకు అతను మన బెంచీ మీద కుర్రాళ్ల పక్కన ఉండటమే లాభం. జులైలో చేయి కలిపి పంపిస్తాను, ఆ క్యాప్ ఖాళీతో ట్యాంపా చేసినట్టు చిన్నవాణ్ణి వెతుక్కుంటాను.

ఇంటి మనిషిని అమ్ముకుంటారా అని మీ బావ ఇంకా అంటే సెయింట్ లూయిస్ సంగతి చెప్పండి. 2006 జనవరిలో ఆ జట్టు డగ్ వెయిట్‌ను కరోలైనాకు ఇచ్చింది. అతను అక్కడ కప్పు గెలిచి, జులైలో ఫ్రీ ఏజెంటుగా (ఒప్పందం ముగిసి ఎవరితోనైనా చేరగల ఆటగాడిగా) మళ్లీ సెయింట్ లూయిస్‌లోనే సంతకం చేశాడు. 2007 ఫిబ్రవరిలో కీత్ కచక్‌ను మొదటి రౌండ్ పిక్, ఇంకా కొన్ని తీసుకుని అట్లాంటాకు పంపింది. వేసవి రాగానే అతనూ తిరిగి వచ్చాడు. కప్పు ఆశ ఉన్న ఊరికి నాలుగు నెలలు పంపి, మళ్లీ పిలుచుకునే ఈ పద్ధతి ఎందుకో ఎక్కువమంది వాడుకోరు. ముందే ఆటగాడితో కూర్చుని మనసు విప్పి మాట్లాడాలి. మేనేజర్లకు కష్టమైన పని అదే అనుకుంటాను.

నాకు రెండు అంకెలు పంపండి: ఈ సీజన్లో అతను కొట్టిన మొత్తం షాట్లు, ఐదుగురికి ఐదుగురు ఉన్నప్పుడు వచ్చిన గోల్స్. నో-మూవ్ క్లాజు ఉందో లేదో కూడా చూడండి. మీ బావ 2013 మార్చిలో ఆ ఊళ్లోనే ఉన్నాడా అన్నది మాత్రం అడిగి చెప్పండి. ఉండి ఉంటే, అతనితో ఈ విషయం మీద మీరు ఇక వాదించకండి, నేనే ఫోనులో మాట్లాడతాను.